మాసిన గుడ్డకు రంగు అంటదు: 61 ఏళ్ల పురుషుడిలో టెస్టోస్టెరాన్ లోప లక్షణాలు, ఒక కేసు పూర్తి వివరం

ఆయన వయసు 61. స్టీల్ ప్లాంటులో ముప్ఫై ఏళ్లకు పైగా షిఫ్టుల్లో పనిచేసి, ఏడాదిన్నర కిందట రిటైరయ్యారు. కూర్మన్నపాలెం దగ్గర సొంత ఇల్లు. పిల్లలు వేరే ఊళ్లలో స్థిరపడ్డారు, ఇంట్లో భార్యాభర్తలిద్దరే ఉంటారు. జూన్‌లో ఒక సాయంత్రం, నా ఆయుర్వేద క్లినిక్‌కు వచ్చి, పేషెంట్లందరూ వెళ్లేదాకా బయట బెంచీ మీద కూర్చుని, చివరన లోపలికి వచ్చారు. ఈ బాధతో వచ్చే మగవాళ్లు దాదాపు అందరూ అలాగే వస్తారు. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

చేతిలో ఒక ల్యాబ్ రిపోర్టు, సగం ఖాళీ అయిన ఒక ప్లాస్టిక్ డబ్బా ఉన్నాయి. "టెస్టోస్టెరాన్ పడిపోయిందంట డాక్టర్ గారూ. ఇంగ్లిషు ఇంజెక్షన్లు నాకొద్దు. మన మూలికలతో బాగుచెయ్యండి" అన్నారు.

ఎనిమిది నెలలుగా నీరసం. మధ్యాహ్నం అన్నం తినగానే కుర్చీలోనే నిద్ర. చిన్న మాటకే చిరాకు. కోరిక బాగా తగ్గింది. తెల్లవారుజామున సహజంగా వచ్చే అంగస్తంభన ఎప్పుడు ఆగిపోయిందో ఆయనకే గుర్తులేదు. అరికాళ్లలో తిమ్మిర్లు. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేస్తారు. తొమ్మిదేళ్లుగా షుగర్, అంతకు ముందు నుంచే బీపీ, నాలుగేళ్ల కిందట గుండెకు స్టెంట్. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు, నడుము చుట్టుకొలత 106 సెంటీమీటర్లు.

రిపోర్టులో టోటల్ టెస్టోస్టెరాన్, అంటే రక్తంలో ఉన్న మొత్తం మగ హార్మోన్, డెసిలీటరుకు 212 నానోగ్రాములు అని ఉంది. నేను ముందు చూసింది ఆ అంకెను కాదు, పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న రక్తం తీసిన సమయాన్ని. సాయంత్రం 4 గంటల 10 నిమిషాలు. భోజనం చేసి వెళ్లారు కూడా. టెస్టోస్టెరాన్ పొద్దున ఎక్కువగా ఉండి, సాయంత్రానికి తగ్గుతుంది. తిన్న తర్వాత ఇంకొంత పడుతుంది. ఈ పరీక్ష ఉదయం పూట, పరగడుపున, వేర్వేరు రోజుల్లో కనీసం రెండుసార్లు చేయాలి. ఒక్క సాయంత్రపు అంకె చూపించి మనిషికి "లోపం ఉంది" అని చెప్పడం తప్పు. ఆ మాట ఆయన మనసులో ఎంత లోతుగా నాటుకుందో ఆ రోజు కళ్లారా చూశాను.

డబ్బా సంగతి

ఆ డబ్బాలో ముదురు గోధుమరంగు కాప్సూల్స్ ఉన్నాయి. హైవే పక్కన వేర్లు, కొమ్మలు, సీసాలు పరిచి టెంటు వేసుకున్న వాళ్ల దగ్గర కొన్నారట. డబ్బా మీద తయారీదారు పేరు లేదు, లైసెన్సు నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు. "నూరు శాతం మూలికలే" అని మాత్రం ఉంది.

"పనిచేసిందా?" అని అడిగాను.

"చేసింది డాక్టర్ గారూ. గంటలో తేడా తెలిసింది. కానీ మొహమంతా వేడెక్కిపోయి, తలనొప్పొచ్చింది. రెండోసారి వేసుకున్న రాత్రి బాత్రూంలో కళ్లు తిరిగి కూలబడ్డాను."

ఆ మాట వినగానే ఆయన వేసుకునే మందుల చీటీలన్నీ టేబుల్ మీద పెట్టించాను. మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్, మెటోప్రోలాల్, అటోర్వాస్టాటిన్, ఆస్పిరిన్, వాటితోపాటు గుండెకు వాడే నైట్రేటు మందు ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్. ఆఖరిది చూసి నాకు నిజంగా భయమేసింది.

మా శాస్త్రంలో నాకు తెలిసిన ఏ వృష్య ద్రవ్యమూ (లైంగిక శక్తికి ఇచ్చే మందు) గంటలో స్తంభన ఇవ్వదు. గంటలో పనిచేసి, మొహం ఎర్రబడి, తలనొప్పి తెచ్చిందంటే అందులో స్తంభన కోసం డాక్టర్లు రాసే సిల్డెనాఫిల్ లాంటి అల్లోపతీ మందు కలిపి ఉండొచ్చని మొట్టమొదట అనుమానించాలి. మూలికల పేరుతో అమ్మే ఇలాంటి ఉత్పత్తుల్లో ఆ మందు బయటపడిందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎన్నోసార్లు హెచ్చరికలు జారీ చేసింది. నైట్రేటు మందు వాడే గుండె రోగి సిల్డెనాఫిల్ వేసుకుంటే బీపీ ఒక్కసారిగా ప్రమాదకరంగా పడిపోతుంది, ప్రాణమే పోవచ్చు. ఆ కాప్సూల్స్‌ను నేను ల్యాబ్‌కు పంపలేదు కాబట్టి వాటిలో ఉన్నది అదేనని తేల్చి చెప్పలేను. కానీ ఆ రాత్రి కూలబడడానికి ఇంతకంటే నమ్మదగిన కారణం నాకు కనిపించలేదు. డబ్బా నా దగ్గరే ఉంచేసుకుని, మర్నాడే గుండె డాక్టర్ని కలవమని చీటీ రాసిచ్చాను.

ఇలాంటి ప్రకటనలను ఆపడానికి మన దేశంలో 1954 నుంచే చట్టం ఉంది. లైంగిక సామర్థ్యం పెంచుతామని ఏ మందుకూ ప్రకటన ఇవ్వకూడదు. అయినా కరెంటు స్తంభాల మీద, బస్సుల వెనక ఆ కాగితాలు అతికిస్తూనే ఉన్నారు. వాటివల్ల ముందు నష్టపోయేది రోగి, తర్వాత ఆయుర్వేదం.

భార్య చెప్పిన మాట

రెండోసారి రమ్మన్నప్పుడు భార్యను కూడా తీసుకురమ్మన్నాను. ఆయన ఇబ్బంది పడ్డారు, కానీ తీసుకొచ్చారు. ఈ కేసులో అతి ముఖ్యమైన సమాచారం ఆవిడ దగ్గరే దొరికింది.

"గురక మామూలుగా ఉండదు బాబూ. గురక పెడుతూ పెడుతూ ఊపిరాగిపోద్ది. నాకు భయమేసి లేపుతాను. మూడేళ్లయింది, నేను హాల్లో పడుకుంటున్నాను."

ఆయన తల దించుకున్నారు. మూడేళ్లుగా వేర్వేరు గదులు. ఆయనేమో దాన్ని తన మగతనం తగ్గడంతో ముడిపెట్టుకున్నారు, ఆవిడ వేరే పడుకున్నది మాత్రం గురకకు నిద్ర లేక. ఇద్దరూ ఈ సంగతి ఎన్నడూ మాట్లాడుకోలేదు.

నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంటే రాత్రంతా నిద్ర తెగిపోతూ ఉంటుంది. పగలు నీరసం, మగత, చిరాకు, కోరిక తగ్గడం, రాత్రి మాటిమాటికీ మూత్రం, అన్నీ దీనివల్లే రావచ్చు. ఊబకాయం, షుగర్ దీనితో కలిస్తే అచ్చం టెస్టోస్టెరాన్ లోపంలాగే కనిపిస్తుంది. పైగా ఊబకాయం, షుగర్ నిజంగానే టెస్టోస్టెరాన్‌ను తగ్గిస్తాయి.

పరీక్షలు అన్నీ ఒక వరుసలో చేయించాను. ఉదయం ఏడున్నరకు, పరగడుపున, వారం తేడాతో రెండుసార్లు టెస్టోస్టెరాన్: 268, 281. సాయంత్రపు 212కీ దీనికీ తేడా ఉన్నా, ఇది కూడా తక్కువే. సాధారణంగా 300 కంటే తగ్గితే తక్కువగా లెక్కేస్తారు, మరికొన్ని మార్గదర్శకాల్లో కింది హద్దు 264. అంటే ఈయన సరిగ్గా గట్టు మీద ఉన్నారు. వృషణాలను నడిపించే పిట్యూటరీ హార్మోన్ ఎల్‌హెచ్ 4.2, అంటే వృషణాలు దెబ్బతిన్న సూచన కాదు. ప్రొలాక్టిన్, థైరాయిడ్ మామూలుగా ఉన్నాయి. ప్రోస్టేట్ పరీక్ష పీఎస్‌ఏ 1.4, మామూలే. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 8.4, ఎక్కువే. బీ12 మాత్రం 168కి పడిపోయింది. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడే వాళ్లలో బీ12 తగ్గడం మామూలే, అరికాళ్ల తిమ్మిర్లలో దానికి కూడా వాటా ఉంటుంది. విటమిన్ డి కూడా తక్కువే, 14. కాలేయ పరీక్ష ఎస్‌జీపీటీ 52, స్కానింగులో కాలేయానికి కొవ్వు పట్టి ఉంది. రక్తంలో టెస్టోస్టెరాన్‌ను పట్టుకుని తిరిగే ప్రొటీన్ అయిన ఎస్‌హెచ్‌బీజీ 18. పొట్ట ఉన్న షుగర్ రోగుల్లో ఈ ప్రొటీన్ తగ్గుతుంది. అది తగ్గితే టోటల్ అంకె కూడా కిందికి దిగుతుంది, కానీ శరీరానికి అందే ఫ్రీ టెస్టోస్టెరాన్ అంతగా తగ్గకపోవచ్చు. నిద్ర పరీక్షలో గంటకు సగటున 34 సార్లు ఊపిరి ఆగడమో, తగ్గడమో జరిగింది. 30 దాటితే తీవ్రమైనదే.

టెస్టోస్టెరాన్ 150 కంటే తక్కువ ఉండి ఎల్‌హెచ్ కూడా పెరగకపోయినా, ప్రొలాక్టిన్ ఎక్కువున్నా మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథికి ఎంఆర్ఐ అవసరమవుతుంది. అలాంటి రోగికి మూలికలిచ్చి ఆరు నెలలు కూర్చోబెట్టడం అన్యాయం. ఈయన ఆ కోవలో లేరు. అయినా హార్మోన్ల డాక్టరు (ఎండోక్రైనాలజిస్టు) దగ్గరకు ఒకసారి పంపాను. ఇంజెక్షన్ గురించి ఆయన చెప్పిందే నేనూ చెప్పాను: తీవ్రమైన నిద్ర జబ్బుకు చికిత్స మొదలుపెట్టకుండా టెస్టోస్టెరాన్ ఇవ్వకూడదు. 45 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్న, గుండె జబ్బు లేదా దాని ముప్పు ఉన్న పురుషులపై జరిగిన పెద్ద అధ్యయనం 2023లో వచ్చింది. టెస్టోస్టెరాన్ జెల్ వాడిన వాళ్లలో గుండెపోట్లు, పక్షవాతం డమ్మీ మందు వాడిన వాళ్లకంటే పెరగలేదు కానీ, గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం ఎక్కువగా కనిపించాయి. నిజంగా లోపం ఉన్నవాళ్లకు అది మంచి మందే. ఈయనకు అప్పటికి కాదు.

ఎనిమిది వారాలు మూలిక ఇవ్వలేదు

"మూలికలు ఎప్పుడిస్తారు?" అని ప్రతిసారీ అడిగేవారు. చరక సంహిత చికిత్సాస్థానంలో రెండో అధ్యాయం మొత్తం వాజీకరణ, అంటే లైంగిక శక్తికి చేసే చికిత్స, గురించే. అందులో చరకుడు ఒక మాట గట్టిగా చెబుతాడు. శరీరం మలినంగా ఉన్నప్పుడు వృష్య యోగాలు ఫలించవు, మాసిన గుడ్డకు రంగు అంటనట్టు. ముందు శోధనం, అంటే శరీరాన్ని శుద్ధి చేయడం, జరగాలి, అదీ రోగి బలాన్ని బట్టి. ఈ శ్లోకం నేను చదువుకునే రోజుల్లో పరీక్ష కోసం బట్టీ పట్టాను. పదహారేళ్ల ప్రాక్టీసు తర్వాత, ఇలాంటి రోగుల విషయంలో ఇంతకంటే పనికొచ్చే వాక్యం నాకు దొరకలేదు.

స్టెంట్ ఉన్న 61 ఏళ్ల మనిషికి వమన విరేచనాలు (వాంతులు, విరేచనాలతో చేసే శుద్ధి) చేయించను. ఇక్కడ శోధనం అంటే నేను అర్థం చేసుకున్నది వేరు: నిద్ర, పొట్ట, షుగర్. ఊపిరితిత్తుల డాక్టరు సీ-ప్యాప్ మాస్కు, అంటే నిద్రలో గాలిని ఒత్తిడితో పంపి ఊపిరి ఆగకుండా చూసే యంత్రం, రాశారు. మొదటి పదిరోజులు ఆయన దాన్ని విసిరికొట్టినంత పనిచేశారు. మాస్కు సైజు మార్చాక సర్దుకున్నారు. బీ12, విటమిన్ డి మొదలుపెట్టాం. షుగర్ మందును వాళ్ల ఫిజీషియన్ సవరించారు.

తిండి విషయంలో పెద్ద యుద్ధమే జరిగింది. ఆయన రోజుకు మూడుపూటలా తెల్లన్నం తినే మనిషి. అన్నం మధ్యాహ్నం ఒక్కపూటకు, ఒక కప్పుకు తగ్గించాం. పొద్దున రెండు గుడ్లు, పెసరట్టు. రాత్రి కూర ఎక్కువ, జొన్నరొట్టె ఒకటి. వారంలో నాలుగు రోజులు చేప. కానాగంతలు ఆయనకిష్టం, ఆవిడ పులుసు పెట్టేవారు, వేపుడు మానేశారు. చోడి (రాగి) అంబలి తాగుతానన్నారు. మంచిదే, కానీ షుగర్ ఉన్నవాళ్లు పెద్ద గ్లాసుతో తాగేస్తే షుగర్ పెరుగుతుందని చెప్పి, చిన్న గ్లాసుతో సరిపెట్టించాను.

నడక ఒక్కటే చాలదు. ఈ వయసులో కండ కరిగిపోతూ ఉంటుంది, కండ కోసం బరువు మోసే వ్యాయామం చేయాలి. గుండె డాక్టరు సరే అన్నాకే మొదలుపెట్టించాను. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం, గోడను తోస్తూ దండీలు, నీళ్ల డబ్బాలు ఎత్తడం, వారంలో మూడు రోజులు. ఆదివారాలు ఆవిడతో కలిసి అప్పికొండ బీచ్‌కి వెళ్లి ఇసకలో నడిచేవారు.

ఐదో వారానికి నీరసం సగం పోయింది. మధ్యాహ్నం కుర్చీలో నిద్ర ఆగింది. అప్పటికి ఆయన ఒంట్లోకి ఒక్క గ్రాము మూలిక కూడా వెళ్లలేదు. ఇది నా తోటి వైద్యులకు ప్రత్యేకంగా చెప్పదలుచుకున్నాను. మొదటిరోజే అశ్వగంధ ఇచ్చి ఉంటే ఈ మార్పంతా అశ్వగంధ ఖాతాలో పడేది. నేను కూడా అలాగే నమ్మేవాణ్ని.

పెన్నేరు, పల్లేరు

ఎనిమిది వారాలకు బరువు 81, హెచ్‌బీఏ1సీ 7.4, ఎస్‌జీపీటీ 34, ఉదయం టెస్టోస్టెరాన్ 318. అప్పుడు అశ్వగంధ మొదలుపెట్టాను. మన తెలుగులో పెన్నేరు గడ్డ. వేరు పొడి 3 గ్రాములు, రాత్రి పడుకునే ముందు, పంచదార లేని గోరువెచ్చని పాలలో. లేహ్యం ఇవ్వలేదు. లేహ్యాల్లో బెల్లమో, పంచదారో పాకం పట్టి ఉంటుంది. షుగర్ రోగులు బలం కోసం రోజూ రెండు చెంచాల లేహ్యం తినడం నేను చాలా ఇళ్లలో చూశాను.

కాలేయం పరీక్ష బాగుపడేదాకా ఎందుకు ఆగానో చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక పెద్దాయనకు నిద్ర పట్టడం లేదంటే ఏ పరీక్షా లేకుండా అశ్వగంధ ఇచ్చాను. ఆరో వారంలో ఒళ్లంతా దురద, కళ్లు పసుపు. మందు ఆపించి ఆసుపత్రికి పంపాను, రెండు నెలల్లో కోలుకున్నారు. అలాంటి కేసులు వైద్య పత్రికల్లో కూడా నమోదయ్యాయి. అరుదే, కానీ ఉంది. అప్పటి నుంచి మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆరో వారంలో ఒకసారి కాలేయ పరీక్ష లేకుండా నేను అశ్వగంధ రాయను. థైరాయిడ్ ఎక్కువున్న వాళ్లకు ఇవ్వను. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లలో ఆ రెండూ ఇంకా కిందికి దిగొచ్చు కాబట్టి మొదటి నెల ఇంట్లో రీడింగులు రాసుకోమంటాను.

అశ్వగంధ టెస్టోస్టెరాన్‌ను పెంచుతుందా? 2019లో 40 నుంచి 70 ఏళ్ల మధ్య ఉన్న, బరువు ఎక్కువున్న పురుషులపై ఒక అధ్యయనం వచ్చింది. డమ్మీ మందుతో పోలిస్తే టెస్టోస్టెరాన్ సుమారు 15 శాతం ఎక్కువ పెరిగింది. కానీ అలసట, ఉత్సాహం, లైంగిక తృప్తి, ఈ మూడింటిలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. 280 ఉన్న మనిషికి 15 శాతం అంటే 40 పాయింట్లు. ఒకే మనిషిలో ఈ రోజుకూ వచ్చే వారానికీ అంత తేడా దానంతటదే రావచ్చు. చరకుడు అశ్వగంధను బల్య, బృంహణీయ గణాల్లో చేర్చాడు. అంటే బలాన్నిచ్చేది, కండ పెంచేది. నేను దాన్ని ఆ దృష్టితోనే, నిద్ర కోసం, మనసు కుదుటపడడం కోసం ఇస్తాను. అంకె పెంచడం కోసం కాదు.

పల్లేరు కాయల పొడి కూడా ఉదయం 3 గ్రాములు ఇచ్చాను. ఇంటర్నెట్‌లో దీన్ని టెస్టోస్టెరాన్ పెంచే మూలికగా అమ్ముతున్నారు. మనుషులపై జరిగిన పరీక్షలు చాలావరకు అది నిజం కాదనే తేల్చాయి. చరకుడు మాత్రం పల్లేరును మూత్రకృచ్ఛ్రానికి (మూత్రం కష్టంగా రావడానికి), వాతానికి శ్రేష్ఠమైనదిగా చెప్పాడు. సీ-ప్యాప్ తర్వాత కూడా ఈయన రాత్రి ఒకసారి లేస్తున్నారు, మూత్రం ధార సన్నగా ఉంది. నేనిచ్చింది అందుకే.

పల్లేరు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మన తీరం ఇసక నేలల్లో చిన్న పల్లేరూ ఉంటుంది, ఏనుగు పల్లేరూ ఉంటుంది. కొట్లలో ఒకటడిగితే ఇంకొకటి పెడతారు. ఏనుగు పల్లేరు పచ్చి కొమ్మను నీళ్లలో తిప్పితే నీళ్లు జిగురుగా చిక్కబడతాయి, చిన్న పల్లేరుతో అలా కాదు. పొడిగా కొంటే ఏదో తెలుసుకునే దారే ఉండదు. అందుకే నేను కాయలు, వేర్లు అలాగే తెప్పించి, చూసుకుని, మా దగ్గరే పొడి చేయిస్తాను. పెన్నేరు గడ్డ మధ్యప్రదేశ్‌లోని నీమచ్ మార్కెట్ సరుకు. విరిస్తే లోపల తెల్లగా, పిండిలా ఉండాలి. పొడిలో ఆకు కలిపితే కాలేయానికి చేటు జరిగే అవకాశం ఎక్కువని నా భయం.

దూలగొండి గింజలు ఇమ్మని ఆయనే అడిగారు. ఆ గింజల్లో సహజంగా ఎల్-డోపా (ఒంట్లో డోపమైన్‌గా మారే పదార్థం) ఉంటుంది. పాలలో ఉడికించి, పైతొక్క తీసి, శుద్ధి చేశాకే వాడాలి. బీపీ మందులతో కలిస్తే కళ్లు తిరగొచ్చు, ఈయన ఇప్పటికే ఒకసారి కూలబడ్డారు. ఇవ్వలేదు. శిలాజిత్తు 45 నుంచి 55 ఏళ్ల ఆరోగ్యవంతుల్లో 90 రోజులు వాడితే టెస్టోస్టెరాన్ పెంచిందని ఒక చిన్న అధ్యయనం ఉంది. కానీ భారలోహాల పరీక్ష రిపోర్టు లేకుండా నల్లటి జిగురు ముద్దను గుండె రోగి చేతిలో పెట్టలేను. నల్లమందు కలిసిన పాత యోగాల జోలికి అసలే వెళ్లను. నల్లమందు కొన్నాళ్లు వాడితే టెస్టోస్టెరాన్‌నే అణచివేస్తుంది.

ఫలితం

పన్నెండు వారాలు అశ్వగంధ వాడాక, డిసెంబరులో, బరువు 77.5, ఉదయం టెస్టోస్టెరాన్ 361. అశ్వగంధ ఆపేశాను. మిగతావన్నీ కొనసాగించాం. మార్చిలో మళ్లీ చూస్తే 352, హెచ్‌బీఏ1సీ 6.8. మందు ఆపిన మూడు నెలల తర్వాత కూడా అంకె దాదాపు అక్కడే ఉందంటే, పెరిగింది ఎక్కువగా బరువు తగ్గడం వల్లేనని నేను అర్థం చేసుకున్నాను. సీ-ప్యాప్ ఒక్కటే ఈ హార్మోన్‌ను పెద్దగా పెంచదు, అది ఆయనకు వ్యాయామం చేసే ఓపిక ఇచ్చింది. అశ్వగంధ వాడిన నెలల్లో నిద్ర త్వరగా పట్టిందని, చిరాకు తగ్గిందని ఇద్దరూ విడివిడిగా చెప్పారు. దాన్ని నేను నమ్ముతాను. పల్లేరు వల్ల మూత్రం ధార కొంచెం మెరుగైందన్నారు, రాత్రి ఒకసారి లేవడం మాత్రం పోలేదు.

కోరిక తిరిగి వచ్చింది. తెల్లవారుజాము స్తంభన నాలుగో నెల నుంచి వారానికి ఒకటి రెండుసార్లు కనిపించింది. కానీ కలయికకు సరిపడా పటుత్వం రాలేదు. తొమ్మిదేళ్ల షుగర్ రక్తనాళాలకు చేసిన నష్టాన్ని ఏ మూలికా వెనక్కి తిప్పలేదు, ఆ సంగతి ఆయనకు దాచకుండా చెప్పాను. జనవరిలో గుండె డాక్టరు పరీక్షలు చేసి, నైట్రేటు ఇక అవసరం లేదని ఆపారు. తగినంత వ్యవధి ఇచ్చాక, తక్కువ మోతాదు సిల్డెనాఫిల్ ఆయనే రాశారు. ఆ డబ్బాలో ఉందని నేను అనుమానించిన మందే, ఈసారి మోతాదు తెలిసి, గుండెను చూసి ఇచ్చింది. దానివల్ల ఇబ్బందేమీ రాలేదు. ఆవిడ మంచం హాల్లోంచి మళ్లీ గదిలోకి మారింది.

మార్చిలో వచ్చినప్పుడు ఆయన సంచిలోంచి మిగిలిన అశ్వగంధ పొట్లం తీశారు. "మా బావగారు అనకాపల్లిలో ఉంటారు డాక్టర్ గారూ. నాకున్న నీరసమే ఆయనకీను. ఇది ఆయనకిచ్చీమంటారా?"

పొట్లం నేనే తీసుకున్నాను. బావగారిని ఒకరోజు పొద్దున్నే, ఏమీ తినకుండా, వేసుకునే మందుల చీటీలన్నీ పట్టుకుని రమ్మన్నాను. వీలైతే అక్కగారిని కూడా వెంట తీసుకురమ్మన్నాను.